పదకొండోది

పోయినవారం మనం పెద్దక్కను సూపరింటెండెంటు గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి, కోటు జేబులో చెయ్యి పెట్టించి, ఎవరి పనుల మీద వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అదే బెంచీ మీద, అదే జేబులో చేత్తో కూర్చుని ఉంది. ఇక ఆ చెయ్యి బయటికి తీయిద్దాం.

అంతకుముందు, ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ళ కోసం రెండు ముక్కలు. పెద్దక్క ఆస్పత్రిలో ఆవిరి గదికి ఇన్‌ఛార్జి. ఆపరేషన్లకు వాడిన కత్తెరలూ క్లాంపులూ కడిగి, ఆరబెట్టి, లెక్కపెట్టి ట్రేలలో సర్ది, గుడ్డలో మూటకట్టి, ఆవిరి యంత్రంలో పెట్టి మళ్ళీ థియేటర్లకు పంపే గది అది. ప్రతి మూటలోనూ ఒక చీటీ ఉంటుంది. ఏవి ఎన్ని పెట్టారో రాసి, సర్దినవాళ్ళు కింద సంతకం చేస్తారు. నిన్న, అంటే మంగళవారం, ఒక బస్సు డ్రైవరుకి పొట్ట ఆపరేషన్ జరిగింది. కుట్లు వేసేముందు లెక్క చూస్తే క్లాంపులు తొమ్మిదే తేలాయి. చీటీలో పది. క్లాంపంటే మరేం కాదు, చూడ్డానికి కత్తెరలా ఉంటుంది, కోయడానికి బదులు రక్తనాళాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ పదోది కడుపులో ఉండిపోయిందేమోనని నలభై నిమిషాలు ఆ మనిషి పొట్ట తెరిచే ఉంచి వెతికారు. ఎక్స్‌రే తీశారు. ఎక్కడా లేదు. అంటే అది ఆ ట్రేలోకి రానే లేదన్నమాట. చీటీ మీద సంతకం కళ్ళజోడుది.

కళ్ళజోడంటే ఆవిరి గదిలో అందరికన్నా చిన్నపిల్ల. సీసా అడుగంత మందం అద్దాలు, వాటి వెనక ఎప్పుడూ ఏదో అడగబోతున్నట్టుండే కళ్ళు. చేరి ఏడాదిన్నరైంది. ఇవాళ విచారణలో తప్పు తనదని తేలితే ఉద్యోగం పోతుంది. ఆ కారణం కాగితం మీదికెక్కితే ఇంకే ఆస్పత్రీ గడప తొక్కనివ్వదు. అందుకే పెద్దక్క పొద్దున్నే నీలం కోటు తొడుక్కుని, "నా పిల్ల మీద ఈగ వాలనిస్తానా!" అనుకుంటూ వచ్చి బెంచీ మీద కూర్చుంది. చేతిరుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టింది. వేళ్ళకు చల్లగా ఏదో తగిలింది.

ఇప్పుడు తీసింది. క్లాంపు.

పెద్దక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్ళు దూర్చి నొక్కింది. కీలు బిగుసుకుపోయి సగంలో ఆగిపోయింది. ఆ బిగుసుకున్న కీలు చూడగానే సోమవారం పొద్దుటి సంగతంతా కళ్ళముందుకొచ్చింది.

ఇక్కడ పెద్దక్క గుట్టొకటి చెప్పాలి. మూడేళ్ళ క్రితం ఆవిడ ఇన్‌ఛార్జి కాకముందు ఆ గదిని ఏలిన మహానుభావుడు ఒక్క కత్తెర తగ్గినా నలుగురి ముందూ నిలబెట్టి దులిపేసేవాడు. ఒక పెద్దావిడ ఆ మాటలు పడలేక మధ్యాహ్నం అన్నం డబ్బా కూడా మూయకుండా వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఆ డబ్బా కడిగి వాళ్ళింటికి పంపించింది పెద్దక్కే. ఆవేళే ఒట్టుపెట్టుకుంది, తన చేతికి పెత్తనం వస్తే ఆ గదిలో ఎవరూ కళ్ళనీళ్ళు పెట్టుకోకూడదని. పెత్తనం వచ్చింది. అప్పట్నుంచీ రోజూ పొద్దున్న ఆరున్నరకల్లా, ఇంకా ఎవరూ రాకముందే, తాళం తీసుకుని లోపలికి వెళుతుంది. ముందురోజు సాయంత్రం వాళ్ళు కట్టిన మూటలు విప్పుతుంది. లెక్క చూస్తుంది. తక్కువైతే వేస్తుంది, ఎక్కువైతే తీస్తుంది, మొండిబారినవి మారుస్తుంది. మళ్ళీ కట్టేసి, ఏమీ ఎరగనట్టు ఏడింటికి అందరితోపాటు టీ తాగుతుంది. ఎవరితోనూ అనలేదు. తప్పు దిద్దడమూ జరిగింది, ఎవరి మనసూ నొచ్చుకోలేదు, ఇంతకన్నా ఏం కావాలని లోలోపల మురిసిపోయేది కూడా. మురిసిపోదూ మరి! మూడేళ్ళలో ఆవిరి గది మీద ఒక్క ఫిర్యాదు లేదాయె.

సోమవారం కూడా అలాగే నాలుగో నంబరు ట్రే, ఐదో నంబరు ట్రే పక్కపక్కన విప్పింది. నాలుగులో ఒక క్లాంపు కీలు బిగుసుకుంది. బయటికి తీసింది. అప్పుడే ఫోన్ మోగింది. కూతురు. ఆ పిల్లకి ఆరోజు డ్రాయింగ్ పరీక్ష.

"అమ్మా, వృత్తలేఖిని ఏది? బాక్సులో లేదు!"

"సరిగ్గా చూడు తల్లీ, ఉంటుంది."

"రోజూ నువ్వే సర్దుతావు కదా! నువ్వు సర్దావని నేను చూసుకోలేదు!"

ఇక ఆ ఏడుపు, వరండాలోకి పరిగెత్తడం, పక్కింటి పిల్లల అమ్మకి ఫోన్ చేసి బతిమాలడం, పది నిమిషాలు గాలికి పోయాయి. తిరిగొచ్చేసరికి గేటు దగ్గర స్కూటర్ చప్పుడు వినబడింది. యంత్రం నడిపే ఆవిరి బాబాయి వచ్చేస్తున్నాడు. మిగతా మూటల జోలికి పోకుండా ఆ రెండూ గబగబా కట్టేసింది. నీలం కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. జేబులో క్లాంపుతో సహా.

"బదులు వేయడం మరిచిపోయాను," అనుకుంది పెద్దక్క బెంచీ మీద. "తీశాను, వేయలేదు. అంతే. నేనే."

బెంచీ పక్కనే ఎర్ర బకెట్ ఉంది, నిప్పంటుకుంటే చల్లడానికి ఇసుక నింపి పెట్టినది. ఆ ఇసుకలోకి క్లాంపుని నొక్కేస్తే నాలుగు వేళ్ళ లోతుకు పోతుంది. ఎవరు చూడొచ్చారు? లోపలికి వెళ్ళి, పిల్ల తరఫున ఏడ్చి మొత్తుకుని, ఎలాగో హెచ్చరికతో సరిపెట్టించొచ్చు. క్లాంపు బయటపెడితే మాత్రం మూడేళ్ళ గుట్టు రట్టవుతుంది. తమ మూటలన్నీ ఆవిడ దొంగచాటుగా విప్పుతోందని ఆవిరి గదిలోని ఆరుగురికీ తెలుస్తుంది. కడుపులో పెట్టుకుని చూసుకున్న పిల్లలు ఇక తన మొహం చూస్తారా?

నిజం చెప్పొద్దూ, పెద్దక్క చెయ్యి బకెట్ దాకా వెళ్ళింది.

"లోపలికి రమ్మంటున్నారు," అన్నాడు ప్యూను తలుపు తీసి.

చెయ్యి మళ్ళీ జేబులోకి వెళ్ళింది.

గదిలో నలుగురున్నారు. బల్ల వెనక సూపరింటెండెంటు. ఆయన పెద్ద డాక్టరు, మెత్తటి మనిషి, కానీ కాగితం చేతికొస్తే మెత్తదనం కాగితం కిందికి పోతుంది. ఎడమ పక్క కుర్చీలో థియేటర్ సిస్టర్. ఆవిడా పెద్దక్కా పదిహేనేళ్ళుగా వదినా అంటే వదినా అనుకునేవాళ్ళు. నిన్న ఆ నలభై నిమిషాలూ నిలబడ్డది ఆవిడే, కళ్ళింకా ఎర్రగానే ఉన్నాయి. గోడ దగ్గర ఆవిరి బాబాయి, యంత్రం నడిపేవాడు, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. మధ్యలో కళ్ళజోడు, చేతులు కట్టుకుని నిలబడింది.

సూపరింటెండెంటు చీటీ ఎత్తి చూపించాడు. "నాలుగో నంబరు ట్రే. క్లాంపులు పది. సంతకం నీదేనా అమ్మా?"

"నాదే సార్."

"సర్, ఆ పిల్ల..." అంటూ పెద్దక్క అడ్డం వెళ్ళబోయింది.

"మిమ్మల్నీ అడుగుతానమ్మా. ఆగండి," అని కళ్ళజోడు వైపు తిరిగాడు. "లెక్కపెట్టే సంతకం పెట్టావా?"

ఇలాంటి ప్రశ్నకు ఎవరైనా ఏమంటారు? పెట్టాననే అంటారు. పెద్దక్క కూడా ఆ మాటే వస్తుందని, దాని వెనకే తను అందుకోవచ్చని ఊపిరి బిగబట్టి ఉంది.

"లేదు సార్," అంది కళ్ళజోడు. "లెక్కపెట్టలేదు."

సూపరింటెండెంటు చీటీ బల్ల మీద పెట్టాడు.

"ఈ ఒక్క ట్రేయేనా?"

"కాదు సార్. దాదాపు ఏడాది నుంచి నేను ఏ ట్రేనీ లెక్కపెట్టలేదు. చూసి సర్దేస్తాను, పది అని రాసేస్తాను."

పెద్దక్క ఒక అడుగు ముందుకేసింది. "ఏమే, మతిపోయిందా నీకు? ఏం మాట్లాడుతున్నావు?"

"ఉన్నమాటే పెద్దక్కా."

"ఎందుకు లెక్కపెట్టలేదు?" అన్నాడు సూపరింటెండెంటు.

కళ్ళజోడు ఆయన వైపు కాదు, పెద్దక్క వైపు తిరిగింది. "పొద్దున్న మీరు ఎలాగూ విప్పి చూస్తారుగా."

పెద్దక్క కొయ్యబారిపోయింది. మూడేళ్ళు! తాళాలు చప్పుడు కాకుండా తీసింది, మూటలు ఎక్కడివక్కడే పెట్టింది, చీటీలు చెక్కు చెదరనివ్వలేదు.

"నీకు... నీకెలా తెలుసు?"

"మడత," అంది కళ్ళజోడు. "మూట గుడ్డ చివరి కొసని మేమందరం కుడివైపు దోపుతాం. మీది ఎడమచేతి వాటం. మీరు కట్టిన మూటకి కొస ఎడమవైపు ఉంటుంది."

చూశారా, మనిషి ఎంత జాగ్రత్తపడినా సొంత చెయ్యి పట్టిచ్చేసింది! పెద్దక్క తన ఎడమచేతిని చూసుకుంది, అది తనది కానట్టు.

"నాకొక్కదానికే కాదు, అందరికీ తెలుసు," అంది ఆ పిల్ల మెల్లగా. "పెద్దక్క మడత అంటాం."

పెద్దక్క బాబాయి వైపు చూసింది, కాదనమని వేడుకున్నట్టు. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"అవునమ్మాయ్. యంత్రంలోకి ఎక్కించేది నేనే కదా, నాకు కనబడదూ? మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు, ఒక్కొక్కళ్ళే లెక్క మానేశారు."

"ఒక్కళ్ళయినా నాతో అనలేదేం బాబాయ్?"

"నువ్వు అనలేదు కదా మాతో."

ఆయన కోపంగా అనలేదు, ఆ రోజు ఎండ ఎలా ఉందో చెప్పినట్టు అన్నాడు. అందుకే పెద్దక్కకు ఇంకా గట్టిగా తగిలింది. మీ మంచికే కదా చేశాను, మాట పడనివ్వలేదు కదా, ఆ పాత మహానుభావుడిలాగా అరవలేదు కదా అని గొంతు దాకా వచ్చిన మాటలన్నీ అక్కడే ఆగిపోయాయి.

కళ్ళజోడు తన అద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "పెద్దక్కా, ఒక్క మాట అడుగుతాను. మొదటి నెలలో నేను ఎన్ని తప్పులు చేశాను?"

అబద్ధం చెప్పే ఓపిక పెద్దక్కకు లేదు. "రెండు. ఒకసారి కత్తెర తక్కువ, ఒకసారి పట్టకారు ఎక్కువ."

"ఎడమ మడత చూసినరోజు ఇంటికెళ్ళి ఏడ్చాను. ఏదో తప్పు చేసి ఉంటాను, ఏమిటో తెలియదు. అడిగితే తీసేస్తారేమోనని భయం. మర్నాటి నుంచి ప్రతి ట్రే మూడేసి సార్లు లెక్కపెట్టాను. ఆర్నెల్లు. వేళ్ళు నొప్పులు పుట్టేవి. ఆ ఆర్నెల్లలో ఎన్ని తప్పులు?"

"ఒక్కటీ లేదు."

"ఒక్కటీ లేదా?"

"లేదు తల్లీ. నీ ట్రే విప్పినప్పుడల్లా అనుకునేదాన్ని, ఈ పిల్ల బంగారమని."

"అనుకున్నారా!" ఆ పిల్ల గొంతు మొదటిసారి పెరిగింది. "అనుకున్నారు, నాతో ఒక్కసారి అనలేదు! నేను మూడుసార్లు లెక్కపెట్టినా పొద్దునకల్లా కొస ఎడమవైపే ఉండేది. మీకు నా మీద నమ్మకం లేదనుకున్నాను. ఎంత చేసినా ఇంతేనా అనిపించింది. ఇక లెక్కపెట్టి ఏం లాభం అనిపించింది. మానేశాను. మానేశాక తప్పులు పెరిగి ఉంటాయి కదా?"

"పెరిగాయి."

"అప్పుడైనా పిలిచి ఎందుకే ఇలా చేస్తున్నావని అడగాలనిపించలేదా పెద్దక్కా? తిట్టినా బాగుండేది."

పెద్దక్కకు తల తీసేసినట్టయింది. ఆ పిల్ల కళ్ళల్లో ఎప్పుడూ కనబడే ఆ అడగబోతున్న చూపు ఏమిటో ఇన్నాళ్ళకు అర్థమైంది. ఏడాదిన్నరగా అది ఈ ఒక్కమాటే అడగబోతోంది. తను మాత్రం ఎదురుపడ్డప్పుడల్లా టీ తాగావా, అన్నం తిన్నావా అని పలకరించి వెళ్ళిపోయేది.

"సరే," అన్నాడు సూపరింటెండెంటు. ఆయన కలం మూత తీశాడు. "మీ గదిలో ఎవరు ఎవరి మూటలు విప్పుతారో అది తర్వాత తేలుద్దాం. ఈ అమ్మాయి లెక్కపెట్టకుండా సంతకం పెట్టానని తనే ఒప్పుకుంది. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. నేను చేయగలిగిందేమీ లేదమ్మా."

కలం కాగితాన్ని తాకేలోపు బల్ల మీద టంగుమని చప్పుడైంది.

అందరూ చూశారు. అద్దం పలక మీద క్లాంపు.

"పదోది ఇదే సర్," అంది పెద్దక్క. "ఆ పిల్ల లెక్కపెట్టినా పెట్టకపోయినా ట్రేలో పదీ ఉన్నాయి. సోమవారం పొద్దున్న నేనే విప్పాను. దీని కీలు బిగుసుకుంది. తీసి జేబులో వేసుకున్నాను. ఫోన్ వస్తే వెళ్ళిపోయాను. తప్పు నాది. రాస్తే నా పేరు రాయండి."

కళ్ళజోడు నోరు తెరుచుకుని అలాగే చూస్తోంది. తను చేయని తప్పుకి తనే ఒప్పేసుకున్నానని ఆ పిల్లకి ఇప్పుడే తెలిసింది.

థియేటర్ సిస్టర్ కుర్చీలోంచి లేచింది. "నలభై నిమిషాలు," అంది. "ఆ మనిషి బీపీ పడిపోతుంటే మత్తు డాక్టరు నా మొహం చూస్తున్నాడు. నేను నేల మీద మోకాళ్ళేసి బల్ల కింద వెతికాను. చెత్తడబ్బా తలకిందులు చేశాను. బయట ఆయన భార్య తలుపు పట్టుకుని నిలబడింది. అంతసేపూ అది మీ జేబులో ఉందా ఇన్‌ఛార్జి గారూ?"

వదిన పోయి ఇన్‌ఛార్జి గారు వచ్చింది. పదిహేనేళ్ళలో ఆ పిలుపు పెద్దక్క ఎన్నడూ వినలేదు.

"ఒక సంగతి నాకు బోధపడటం లేదు," అన్నాడు సూపరింటెండెంటు క్లాంపుని కలంతో కదుపుతూ. "ఆపరేషన్ మొదలుపెట్టే ముందు మీరు లెక్కపెట్టాలి కదా సిస్టర్? పెడితే అప్పుడే తొమ్మిదని తేలేదిగా?"

థియేటర్ సిస్టర్ కోపం ఒక్కసారిగా ఎటో పోయింది. మళ్ళీ కూర్చుంది.

"పెట్టలేదు సర్."

"నిన్న మరిచిపోయారా?"

"నిన్న కాదు. రెండేళ్ళుగా పెట్టడం లేదు. ఆవిరి గది ట్రేలో ఎప్పుడూ తేడా రాదు. మూట రాగానే చూస్తాం, కొస ఎడమవైపు ఉంటే ఇన్‌ఛార్జి గారి చెయ్యి పడిందని అర్థం. చీటీలో ఉన్న అంకె బోర్డు మీద ఎక్కించేస్తాం. ఆఖర్న మాత్రం లెక్కపెట్టి బోర్డుతో సరిచూస్తాం."

పెద్దక్క మనసులో లెక్క వేసుకుంది. తన గదిలో ఆరుగురు లెక్క మానేశారు. థియేటర్లో వాళ్ళూ మానేశారు. ఇంత పెద్ద ఆస్పత్రి మొత్తంలో క్లాంపులు లెక్కపెట్టే మనిషి తనొక్కతే మిగిలింది, అదీ పొద్దున్న ఆరున్నరకి, ఎవరికీ చెప్పకుండా, మధ్యలో ఫోన్ వస్తే వదిలేసి వెళ్ళిపోయే మనిషి!

సూపరింటెండెంటు పేపర్‌వెయిట్ కింద నుంచి ఒక కాగితం లాగాడు. "ఇకపై మొదటి లెక్కకి కూడా సంతకం చేయాలని ఆర్డరు రాయించాను. విచారణ అయ్యాక సంతకం పెట్టి పంపిద్దామనుకున్నాను." ఎందుకో ఆయన గొంతు తగ్గింది. "ఇవాళ థియేటర్లో ఎవరైనా మొదట్లో లెక్కపెట్టారా?"

"లేదు సర్, ఆఖర్న తక్కువైతే నన్ను పిలవమని మాత్రం చెప్పొచ్చాను," అంది సిస్టర్.

అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉన్న ఆవిరి బాబాయి ముందుకొచ్చాడు. బల్ల మీది క్లాంపుని చేతిలోకి తీసుకుని కీలు ఆడించి చూశాడు.

"అమ్మాయ్, ఇది తీశావు. బదులు వేయలేదా?"

"లేదు బాబాయ్. ఫోన్ వచ్చింది కదా. మరిచిపోయాను."

"మరి బీరువాలో రిజర్వు డబ్బాలో ఐదే ఉన్నాయేం? శనివారం నేను పెట్టినప్పుడు ఆరు. నిన్న చూస్తే ఐదు. ఎవరో చెప్పకుండా తీశారని పొద్దున్నే గొడవ కూడా చేశాను."

పెద్దక్క కళ్ళు మూసుకుంది. సోమవారం పొద్దున్న. కిటికీలోంచి ఎండ. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించింది. వృత్తలేఖిని. నువ్వు సర్దావని నేను చూసుకోలేదు. ఎడమచెయ్యి బీరువా తలుపు మీద. డబ్బా మూత తీసిన చప్పుడు.

"తీశాను," అంది నెమ్మదిగా. "కొత్తది తీశాను బాబాయ్. వేశాను కూడా. ట్రేలో వేసిన చప్పుడు గుర్తుంది."

"నాలుగులో వేసి ఉంటే నాలుగులో పదీ ఉండేవిగా?"

పెద్దక్క బాబాయి చేతిలోని క్లాంపునే చూసింది.

"సోమవారం ఎడమ మడతలు రెండే వచ్చాయి," అన్నాడు బాబాయి, తనలో తను లెక్క వేసుకుంటున్నట్టు. "రోజూ అన్నీ అవే ఉంటాయి, ఆవేళ రెండే ఉన్నాయేమిటా అనుకున్నాను. నాలుగు. ఇంకొకటి..."

"ఐదు," అంది కళ్ళజోడు. "అదీ నేను కట్టిందే."

పెద్దక్కకు ఆ పొద్దున్న మళ్ళీ కళ్ళకు కట్టింది. రెండు ట్రేలు, పక్కపక్కన, రెండూ విప్పి ఉన్నాయి. చెవిలో కూతురి ఏడుపు. చేతిలో కొత్త క్లాంపు. చెయ్యి చాపింది, వేసింది. ఎందులో వేసింది?

"ఐదో నంబరు ట్రే ఇప్పుడెక్కడుంది?" అంది పెద్దక్క.

"థియేటర్లో," అంది సిస్టర్. "తొమ్మిదింటికి మొదలైంది. ఒక స్కూలు టీచరమ్మ."

సూపరింటెండెంటు పెద్దక్కనీ సిస్టర్నీ మార్చి మార్చి చూశాడు. "అంటే ఐదులో ఒకటి ఎక్కువుందా? ఎక్కువుంటే ప్రమాదమేముంది? నిన్న తక్కువ కాబట్టి గొడవైంది."

జవాబు చెప్పింది కళ్ళజోడు. ఆ మందపాటి అద్దాల వెనక కళ్ళు ఇంతలేసి అయ్యాయి.

"సార్, చీటీలో నేను పది అని రాశాను. బోర్డు మీద పది ఎక్కింది. లోపల పదకొండు ఉన్నాయి. ఆఖర్న బల్ల మీద పది తేలితే చాలు, లెక్క సరిపోయిందంటారు. పదకొండోది ఎక్కడుందని ఎవరూ వెతకరు సార్. పదకొండోది ఉందనే ఎవరికీ తెలియదు."

బల్ల మీద ఫోన్ మోగింది.

సూపరింటెండెంటు ఎత్తాడు. అటువైపు గొంతు సంతోషంతో ఎంత గట్టిగా ఉందంటే గదిలో అందరికీ వినబడింది. "సర్, థియేటర్ నుంచి. సిస్టర్ గారు కంగారుపడుతుంటారు, చెప్పండి సర్. ఇవాళ ఏ గొడవా లేదు. క్లాంపులు పదికి పది. లెక్క సరిపోయింది. ఆఖరి కుట్లు వేస్తున్నారు."

ఆయన చేతిలో ఫోన్ పట్టుకుని బొమ్మలా ఉండిపోయాడు. థియేటర్ సిస్టర్ అప్పటికే తలుపు తోసుకుని వరండాలో పరిగెడుతోంది. కానీ థియేటర్ అవతలి బిల్డింగులో మూడో అంతస్తు. కళ్ళజోడు ఒక్క అంగలో బల్ల దగ్గరికి వెళ్ళి ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"కుట్లు ఆపండి! లోపల ఇంకొకటి ఉండొచ్చు. ఆపండి!"

"ఎవరండీ మీరు?" అటు గొంతు మారిపోయింది. "సూపరింటెండెంటు గారేరీ? మీరెవరు ఆపమనడానికి?"

ఆ పిల్ల బిత్తరపోయి పెద్దక్క వైపు చూసింది. పెద్దక్క చెయ్యి అప్పటికే చాచి ఉంది. అదే ఎడమచెయ్యి, ఫోన్ లాక్కుని తనే మాట్లాడేసి, తనే దిద్దేసి, తనే కట్టేయడానికి. ఇంకో బెత్తెడు దూరంలో అది ఆగిపోయింది. పెద్దక్క దాన్ని వెనక్కి తీసుకుని కుడిచేత్తో గట్టిగా పట్టుకుంది.

"చెప్పవే," అంది. "నీ ట్రే అది. నువ్వే చెప్పు."

కళ్ళజోడు ఊపిరి పీల్చుకుంది.

"ఐదో నంబరు ట్రే కట్టిన మనిషిని. చీటీ మీద సంతకం నాది. ఆ పది అనేది తప్పు. నేను లెక్కపెట్టలేదు. అందులో పదకొండు ఉన్నాయి. డాక్టరు గారికి చెప్పండి, కుట్లు ఆపమనండి."

అటువైపు ఫోన్ దేని మీదో పడిన చప్పుడైంది. పరిగెత్తిన అడుగులు. డాక్టరు గారూ, డాక్టరు గారూ అని దూరంగా కేక. తర్వాత ఏమీ లేదు. గదిలో నలుగురూ ఆ చిన్న రిసీవర్ని చూస్తూ నిలబడ్డారు. పెద్దక్క పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి పిలుస్తోందో ఆవిడకే తెలియదు.

మళ్ళీ అడుగులు. ఎవరో రొప్పుతూ ఫోన్ ఎత్తారు.

"అమ్మా..." అంది అటు గొంతు, అందులో ఇందాకటి సంతోషం ఛాయ కూడా లేదు. "ఆఖరి ముడి కూడా వేసేశారమ్మా. టీచరు గారికి మత్తు దిగుతోంది. ఆ మగతలోనే కడుపులో ఏదో గుచ్చుతోందంటున్నారు."